భీమిలి దాకా సైకిలు: తిరుగు దారికి కాస్త బలం దాచుకోండి

వేసవిలో ఆదివారం తెల్లవారుజామున విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడితే భీమిలి వైపు వెళ్లే సైకిళ్లు కనిపిస్తాయి. రానూపోనూ సుమారు 60 కిలోమీటర్లు. ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం, కింద గేర్ల సైకిలు. ఓస్, ఇంతేగా అనిపిస్తుంది. వెళ్లేటప్పుడు నిజంగానే అంతే. పప్పులో కాలేసేది తిరిగి వచ్చేటప్పుడు.

కారణం గాలి. విశాఖ నుంచి భీమిలికి తీరం ఈశాన్యంగా సాగుతుంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. కాబట్టి వెళ్లేటప్పుడు ఎవరో వీపు మీద చెయ్యేసి తోస్తున్నట్టే ఉంటుంది. అదంతా మన కాళ్ల బలమే అనుకుని మురిసిపోతాం. పొద్దున్న 9 దాటి నేల కాలడం మొదలయ్యాక సముద్రపు గాలి జోరందుకుంటుంది. సరిగ్గా ఆ వేళకే మనం భీమిలిలో టిఫిన్ ముగించి వెనక్కి తిరుగుతాం. ఎండ, ఎదురుగాలి, ఎత్తులు మూడూ ఒకేసారి మీద పడతాయి. శీతాకాలంలో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది కనుక లెక్క తిరగబడుతుంది. డిసెంబరులో హాయిగా వెళ్లొచ్చిన స్నేహితుడి మాట నమ్మి మే నెలలో బయల్దేరకండి.

మొదటిసారి నేనూ అలాగే వెళ్లాను. వచ్చేటప్పుడు రుషికొండ ఎత్తు దగ్గరికి చేరేసరికి 11 దాటింది. సైకిలు కదులుతోందో లేదో రోడ్డు మీది తెల్లగీతలు చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. కొబ్బరిబోండాల బండి పెద్దాయన నన్ను చూసి, ‘‘ఏటి బాబూ, ఈ గాలికెదురు తొక్కుతన్నావు? కూకో కాసేపు’’ అని స్టూలు జరిపాడు. బోండాం పట్టుకుంటే నా చేతులు వణికాయి. ఆయన కత్తి పక్కన పెట్టి, బోండాం తనే పట్టుకుని తాగించాడు. మిగతా దారి చాలావరకు సైకిలు నడిపించుకుంటూ వచ్చాను.

అప్పట్నుంచి నా లెక్క దూరంతో కాదు, గడియారంతో. 5 గంటలకల్లా బయల్దేరడం, 8 కొడితే ఎక్కడున్నా వెనక్కి తిప్పేయడం. ఎర్రమట్టి దిబ్బల దగ్గరే 8 అయిందా, ఆ రోజుకు అదే భీమిలి. భీమిలిలోని లైట్‌హౌస్ ఎక్కడికీ పోదు.

ఎత్తుల సంగతి. ఆర్కే బీచ్ చదునుగా ఉండి మోసం చేస్తుంది. తెన్నేటి పార్కు దగ్గర కైలాసగిరి పాదం చుట్టూ రోడ్డు లేస్తుంది, తర్వాత రుషికొండ దగ్గర మళ్లీ. ఆపైన చిన్న చిన్న ఎత్తుపల్లాలు వస్తూనే ఉంటాయి. గేరు తగ్గించేది ఎత్తు మొదలవకముందే. సగం ఎక్కాక, పెడల్ మీద బరువంతా వేసి గేరు మారిస్తే చైను ఊడుతుంది, మోకాలికీ మంచిది కాదు. సీటు మీదే కూర్చుని, తేలిక గేరులో, మాట్లాడుతూ తొక్కగలిగినంత నిదానంగా ఎక్కండి. ఆయాసంతో మాట తెగుతోందంటే ఎక్కువ తొక్కుతున్నట్టే. తొట్లకొండ బౌద్ధ స్తూపాలు చూడాలని ఉంటే ఇంకో రోజు పెట్టుకోండి. అది సుమారు 128 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎక్కుడు ఎక్కి, భీమిలి వెళ్లి, ఎదురుగాలిలో ఇల్లు చేరడం కొత్తవాళ్ల పని కాదు.

ఎక్కడం కంటే దిగడం భయం నాకు. బీచ్ రోడ్డు మలుపుల్లో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక సన్నటి పొరలా పరుచుకుని ఉంటుంది. తారు రంగులో కలిసిపోయి కనబడదు కూడా. ఆ పొర మీద ముందు బ్రేకు గట్టిగా నొక్కితే ముందు చక్రం పక్కకు జారుతుంది, తర్వాత మోచెయ్యి రోడ్డును చూస్తుంది. మలుపుకు ముందే, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా వేసి వేగం తగ్గించాలి. మలుపులోకి దిగాక బ్రేకు జోలికి పోవద్దు. ముందు రోజే బ్రేకు రబ్బర్లు అరిగాయేమో, వైరు దారప్పోగులా విడిపోయిందేమో చూసుకోండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మనది ఎడమ వైపు నడక కాబట్టి, వెళ్లేటప్పుడు కొండ వైపు, వచ్చేటప్పుడు సముద్రం వైపు ఉంటాం. మనం వచ్చే వేళకు ఆ వైపంతా పార్కు చేసిన కార్లు, ఐస్‌క్రీమ్ బళ్లు, బంతి వెంట పరిగెత్తే పిల్లలు. కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. నిలిపి ఉన్న కారుకు ఒక బారెడు ఎడం ఇవ్వండి. పొద్దున వెళ్లేటప్పుడేమో ఎండ ఎదురుగా కుడి పక్క నుంచి కొడుతుంది. మన కళ్లకే కాదు, వెనక వచ్చే కారు డ్రైవరు కళ్లలోనూ కొడుతుంది. అందుకే తెల్లారాక కూడా వెనక ఎర్ర లైటు వెలుగుతూనే ఉండాలి. హెల్మెట్ గురించి వేరే చెప్పాలా?

వెంట పడే కుక్కలతో పోటీ పెట్టుకోకండి. దిగి, సైకిలును అడ్డం పెట్టుకుని నాలుగడుగులు నడిస్తే వాటికే విసుగొస్తుంది.

ఉక్క మన ఊరి సొంత సరుకు. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం వేసేదాకా ఆగకుండా గంటకు అరలీటరుకు తగ్గకుండా తాగుతుండాలి. ఉత్త నీళ్లే కాకుండా ఉప్పేసిన మజ్జిగో, నిమ్మరసమో, ఓఆర్‌ఎస్సో. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి. చిక్కగా ఉంటే బలమని సగం నీళ్లలో కలిపితే మేలుకన్నా కీడే. తలనొప్పి, వికారం, ఆ ఎండలోనూ ఒంటి మీద రోమాలు లేచి చలిగా అనిపించడం మొదలైతే ఆగి నీడకు చేరండి. పక్కవాడి మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా తల మీద, ఒంటి మీద నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి.

భీమిలిలో చేపల వేపుడు వాసన ఎంత పిలిచినా కడుపునిండా తినకండి. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. అలసిన కాళ్లతో సముద్రంలోకి దిగడం అసలే వద్దు. ఈ తీరంలో పైకి ప్రశాంతంగా కనిపించే చోట కూడా లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, ఈత వచ్చినవాళ్లూ పోయారు.

మే నెల సాయంత్రాల్లో ఉన్నట్టుండి మబ్బు పడుతుంది. ఉరుము వినిపిస్తే తాటిచెట్టు కిందికి పరుగెత్తకండి, అలాంటి ఎత్తైన చెట్ల మీద పిడుగులు పడుతుంటాయి. పక్కా కప్పున్న ఇల్లో, దుకాణమో చూసుకోండి. అక్టోబరు, నవంబరుల్లో వెళ్లేవాళ్లు వార్తల్లో రేవుల ప్రమాద హెచ్చరిక నంబరు విని బయల్దేరాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ రోడ్డును ఏం చేసిందో చూసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

కాళ్లు ఇక కదలవు అనిపిస్తే లగేజీ ఆటో మాట్లాడుకుని సైకిలుతో సహా ఇంటికి రావడం తప్పేమీ కాదు. గాలి తప్పించుకుందామని ఆనందపురం మీదుగా హైవే ఎక్కడం మాత్రం తప్పు. లారీల పక్కన తొక్కడం కంటే ఎదురుగాలే నయం. పంక్చరు సామానుతో పాటు సరిపడే ట్యూబు ఒకటి ఉంచుకోండి. సన్నటి వాల్వున్న సైకిలైతే చిన్న ఇత్తడి అడాప్టరు కూడా, లేకపోతే రోడ్డు పక్క షాపు పంపు దానికి పట్టదు.

ఇంటికొచ్చి పడుకునే ముందు ఒక్క పని. మంచినీళ్లలో ముంచిన గుడ్డతో చైనూ, రిమ్ములూ తుడిచి, ఆరాక చైనుకు నూనె వేయండి. ఉప్పుగాలి తగిలిన చైను రెండు రోజుల్లో ఎర్రబడుతుంది.