పెద్ద తెలుగు ఫైల్ చదివితే మధ్యమధ్యలో ప్రశ్నార్థకాలు: ఎందుకు, ఏం చేయాలి

సమస్య: పైథాన్ ప్రోగ్రామ్ చిన్న తెలుగు ఫైళ్లను చక్కగా చదువుతుంది. పెద్ద ఫైల్ ఇస్తే మాత్రం అక్కడక్కడా ఒక అక్షరం పోయి, దాని చోట నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకాలు రెండో మూడో వస్తాయి. తప్పుల్ని 'రిప్లేస్' చేయమని చెప్పకపోతే ఏకంగా ఎర్రర్‌తో ఆగిపోతుంది. నేనైతే ఫాంట్‌ను అనుమానించి సగం రోజు పోగొట్టుకున్నాను.

ఫైల్ మొత్తం, మొదటి అక్షరం నుంచీ, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీష్ 'ఏ', పక్కన డిగ్రీ గుర్తు కనిపిస్తుంటే అది వేరే జబ్బు. యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతుల్లో, అంటే ఎన్‌కోడింగ్‌లలో ఒకటి) ఫైల్‌ను విండోస్ పాత ఎన్‌కోడింగ్‌లో తెరిచారు. ఫైల్ తెరిచేచోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాస్తే సరిపోతుంది.

కారణం: యూటీఎఫ్-8లో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా, పొల్లయినా ఒక్కోటీ 3 బైట్లు. 'త' అంటే 224, 176, 164. మనమేమో ఫైల్‌ను 4096 బైట్ల ముక్కలుగా చదివి, ఏ ముక్కకా ముక్క డీకోడ్ చేస్తున్నాం, అంటే బైట్లను తిరిగి అక్షరాలుగా మారుస్తున్నాం. ముక్క చివర 224 ఒంటరిగా మిగిలి, 176, 164 తర్వాతి ముక్కలో పడితే మూడు ప్రశ్నార్థకాలు. 224, 176 ఇటు, 164 అటు అయితే రెండు. ఇంగ్లీష్ అక్షరం 1 బైటే, ఎక్కడ కోసినా తెగదు. అందుకే ఇంగ్లీష్ టెస్టులన్నీ పాసవుతాయి.

ముక్కను 3తో భాగమయ్యే 4098 చేద్దామనిపిస్తుంది. కుదరదు, స్పేస్ 1 బైటే. 64 కేబీ చేస్తే తప్పు అరుదవుతుంది, అంటే పట్టుకోవడం ఇంకా కష్టం.

పరిష్కారం: కోడెక్స్ మాడ్యూల్‌లోని ఇంక్రిమెంటల్ డీకోడర్ వాడండి. తెగిన బైట్లను దాచుకుని తర్వాతి ముక్కకు కలుపుతుంది. దాన్ని లూప్ బయట ఒక్కసారే తయారుచేయాలి. లోపల పెడితే ప్రతిసారీ కొత్తది పుట్టి కథ మొదటికొస్తుంది. చివరి పిలుపులో 'ఫైనల్' ట్రూ ఇవ్వాలి, లేదంటే సగంలో తెగిన ఫైల్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. నన్నడిగితే ఫైల్‌ను టెక్స్ట్ మోడ్‌లో (బైట్లుగా కాక అక్షరాలుగా) తెరవడమే మేలు, ఇదంతా పైథానే చూసుకుంటుంది.

మెమరీ ఎక్కువైతే: పైథాన్ 3.3 నుంచి స్ట్రింగ్‌లోని అతి పెద్ద కోడ్‌ను (ఒక్కో అక్షరానికో, గుర్తుకో ఇచ్చిన సంఖ్య) బట్టి అన్ని అక్షరాలకూ 1, 2 లేదా 4 బైట్లు కేటాయిస్తారు. తెలుగుకు 2 చాలు. కోటి అక్షరాల స్ట్రింగ్ 20 ఎంబీ. అందులో ఒక్క నవ్వు మొహం ఎమోజీ పడితే 40. లైన్లవారీగా చదివితే ఆ భారం ఆ ఒక్క లైన్‌దే.

ముక్కలను నేరుగా స్క్రీన్ మీదికి పంపేవాళ్లకు ఇంకొకటి: 'క్ష'లో మూడు కోడ్లున్నాయి. డీకోడర్ బైట్లను కాపాడుతుందే గానీ 'క్' ఇటు, 'ష' అటు పడకుండా ఆపదు. లైన్ చివరే కోయండి.