ఫొటోలు అడ్డం తిరగకుండా బ్లాగులో పెట్టడం ఎలా?

పోయిన ఎండాకాలం ఆవకాయ పెట్టే పద్ధతి మీద ఒక పోస్టు రాశాను. ముక్కలు తుడవడం దగ్గర్నుంచి జాడీకి గుడ్డ కట్టేదాకా ఎనిమిది ఫొటోలు. ఫోన్‌లో అన్నీ బుద్ధిగా నిలబడే ఉన్నాయి. పబ్లిష్ నొక్కిన పది నిమిషాలకి తెనాలి నుంచి పిన్ని ఫోను.

"జాడీని పడుకోబెట్టావేంట్రా, నూనె కారిపోదూ?"

చూస్తే మూడు ఫొటోలు పక్కకి ఒరిగి ఉన్నాయి. ఎడిటర్లోకి వెళ్లి తిప్పితే నిలబడతాయి, సేవ్ చేయగానే మళ్లీ పడుకుంటాయి. ఆ రాత్రి దాంతోనే తెల్లారింది.

అప్పట్నుంచి ఈ వరసలోనే చేస్తున్నాను. మీరు ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఇది పనికొస్తుంది, ఎందుకంటే అసలు పనంతా ఫొటో దాని చేతికి వెళ్లకముందే అయిపోతుంది.

1. అసలు ఫొటోనే కంప్యూటర్లోకి తెచ్చుకోండి

మనలో చాలామంది తమ వాట్సాప్‌కే ఫొటో పంపుకుని కంప్యూటర్లో దించుకుంటారు. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. కారం, ఆవపిండి విడివిడిగా కనబడాల్సిన చోట ఎర్రటి ముద్ద కనబడుతుంది. వాట్సాప్ తప్పదనుకుంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నదున్నట్టు వస్తుంది. నేనైతే కేబులే వాడతాను. ఆండ్రాయిడ్ ఫోను చార్జింగ్ అవుతూ ఊరుకుంటే, పైనుంచి నోటిఫికేషన్ కిందికి లాగి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోవాలి.

ఐఫోన్ ఉన్నవాళ్లకి ఇంకో తలనొప్పి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి అందులో ఫొటోలు హెచ్‌ఈఐసీ రకంలో సేవ్ అవుతున్నాయి. కొన్ని బ్లాగులు దాన్ని ముట్టుకోవు. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్‌కి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకుంటే ఆ తర్వాత తీసేవి జేపెగ్‌లో వస్తాయి.

2. నిలబెట్టండి, అప్పుడే కుదించండి

ఫొటో ఎందుకు ఒరుగుతుందంటే, ఫోన్ లోపల సెన్సర్ ఒక్క దిక్కుకే బిగించి ఉంటుంది. మనం ఫోను నిలువుగా పట్టుకుని తీసినా బొమ్మ అడ్డంగానే సేవ్ అవుతుంది, దాని వెంట "చూపించేటప్పుడు తిప్పి చూపించు" అని ఒక చీటీ ఉంటుంది. ఈ చీటీలన్నీ ఉండే చోటుని ఎగ్జిఫ్ అంటారు. ఫోన్ గ్యాలరీ ఆ చీటీ చదివి నిలబెట్టి చూపిస్తుంది. కొన్ని బ్లాగు సాఫ్ట్‌వేర్లు చిన్న సైజు కాపీలు చేసేటప్పుడు చీటీ చింపేస్తాయి గానీ బొమ్మని మాత్రం తిప్పవు. నా జాడీ పడుకున్నది అందుకే.

కాబట్టి బొమ్మనే నిజంగా తిప్పేయాలి. దానికి నేను వాడేది గింప్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్, ఉచితం. ఫొటో తెరవగానే "తిప్పమంటారా?" అని అడుగుతుంది, రొటేట్ నొక్కండి. అదే విండోలో ఇమేజ్ మెనూకి వెళ్లి 'స్కేల్ ఇమేజ్'తో పొడవైన వైపు 1600 పిక్సెళ్లు పెట్టండి. పన్నెండు మెగాపిక్సెళ్ల ఫొటో అంటే దాదాపు 4000 × 3000. బ్లాగులో అక్షరాలు పరుచుకునే వెడల్పు ఎనిమిది వందల పిక్సెళ్ల చుట్టుపక్కలే, మిగతాదంతా చదివేవాళ్ల డేటాకి చిల్లు. పైగా సర్వర్ మీద బ్లాగుని నడిపించే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో అప్‌లోడ్ పరిమితి మనం మార్చకపోతే 2 ఎంబీయే. సొంత సర్వర్ మీద వర్డ్‌ప్రెస్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నవాళ్లకి పెద్ద ఫొటో ఎక్కించినప్పుడు వచ్చే ఎర్రర్‌కి చాలాసార్లు కారణం ఇదే.

తర్వాత ఎక్స్‌పోర్ట్. క్వాలిటీ 80 దగ్గర పెట్టండి. అక్కడే ఎగ్జిఫ్ సేవ్ చేయాలా అని ఒక టిక్ ఉంటుంది, తీసేయండి. తిప్పడం ఎలాగూ అయిపోయింది, ఆ చీటీతో ఇక పనిలేదు. లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫొటో అయితే మీ వంటింటి అక్షాంశ రేఖాంశాలు కూడా అందులోనే ఉంటాయి. డాక్యుమెంట్‌గా పంపినా, కేబుల్‌తో తెచ్చినా అవి ఫొటోతో పాటే వస్తాయి.

3. పోస్టు లింకు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి

ఈ మాట చెప్పడం నాకూ ఇష్టం లేదు. తెలుగు పేరుతో లింకు చేస్తే ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతం గుర్తుకీ తొమ్మిదేసి క్యారెక్టర్లు పడతాయి. 'ఆవకాయ' అనే చిన్న మాటకే నలభై అయిదు. వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే శాతం గుర్తులతో కొండవీటి చాంతాడు దిగుతుంది. వర్డ్‌ప్రెస్ పోస్టు లింకులో పేరుకి 200 క్యారెక్టర్లే ఇస్తుంది కాబట్టి పొడుగాటి తెలుగు శీర్షిక మధ్యలోనే తెగిపోతుంది. గూగుల్ వాళ్ల బ్లాగర్‌ది ఇంకో దారి. తెలుగు శీర్షికని వదిలేసి 'బ్లాగ్ పోస్ట్' అని దానికొక నంబరు తగిలిస్తుంది. రెండింట్లోనూ పబ్లిష్ చేయకముందే లింకు పేరు మీరే రాసుకోవచ్చు, బ్లాగర్‌లో ఆ చోటుని పర్మాలింక్ అంటారు. శీర్షిక మాత్రం హాయిగా తెలుగులోనే ఉంచండి.

4. రాత బయట, అతికింపు లోపల

పోస్టుని నేరుగా ఎడిటర్లో రాయకండి. నెట్ పోయిందంటే గంట కష్టం గంగలో కలుస్తుంది. నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చి పేస్ట్ చేయండి. వర్డ్‌లో రాసే అలవాటుంటే కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కండి, ఫాంట్ల చెత్త రాకుండా అక్షరాలు మాత్రమే వస్తాయి. వర్డ్‌లోంచి ఫొటోల్ని మాత్రం ఎప్పుడూ కాపీ చేయకండి. కొన్నిసార్లు ఆ లింకు మీ కంప్యూటర్లోని ఫోల్డర్‌కే ఉండిపోతుంది. అప్పుడు చదివేవాళ్లకి బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా.

5. ఫొటోలు బ్లాగులోకే ఎక్కించండి

వేరే ఫొటో సైట్లో పెట్టి లింకు ఇవ్వడం చవగ్గా కనిపిస్తుంది. ఫొటోబకెట్ 2017లో బయటి సైట్లకి లింకులివ్వడాన్ని ఉచితంగా ఆపేసి ఏడాదికి 399 డాలర్లు అడిగింది. రాత్రికి రాత్రి ఎన్నో సైట్లలో ఫొటోలు మాయమై, డబ్బు కట్టమనే బొమ్మలు మిగిలాయి. ఫ్లికర్ 2018లో ఉచిత ఖాతాలకి వెయ్యి ఫొటోలే అని గీత గీసింది. గూగుల్ ఫొటోస్‌లో లెక్కలేకుండా దాచుకునే వీలు 2021 జూన్ 1తో పోయింది, ఇప్పుడు మెయిల్‌తో కలిపి 15 జీబీ. అసలు ఫైళ్లు ఒక హార్డ్ డిస్కులో ఏడాది వారీగా ఉంచుకోండి.

6. పంపేముందు

ప్రీవ్యూని నమ్మకండి. పబ్లిష్ చేశాక ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో తెరిచి, లాగిన్ లేకుండా ఒకసారి పైనుంచి కిందిదాకా చూడండి. ఫ్యామిలీ గ్రూపులో పడేసే ముందు లింకుని మీ వాట్సాప్‌కే పంపుకుని, పక్కన ఏ బొమ్మ వస్తోందో చూసుకోండి. ఫొటో మార్చాక కూడా పాత బొమ్మే వస్తుంటే లింకు చివర ఒక ప్రశ్నార్థకం, దాని పక్కన 1 చేర్చి పంపి చూడండి. కొత్త లింకు అనుకుని చాలాసార్లు బొమ్మని మళ్లీ తెచ్చుకుంటుంది.