మెయిల్ ప్రోగ్రామ్ మారుస్తున్నారా? పాతదాన్ని అప్పుడే కదపకండి

కొత్త మెయిల్ ప్రోగ్రామ్ పెట్టుకోవడం పది నిమిషాల పని. ఉన్న మెయిళ్లు చెడగొట్టుకోవడానికి అంత టైమ్ కూడా అక్కర్లేదు, చేసి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. మా మావయ్య తెనాలిలో ట్యాక్స్ పనులు చూస్తారు, క్లయింట్ల కాగితాలన్నీ మెయిల్లోనే ఉంటాయి. కొత్త ల్యాప్‌టాప్ కొన్నారని మెయిల్ పెట్టివ్వడానికి వెళ్లి, సెటప్‌లో పాప్ (మెయిళ్లని కంప్యూటర్లోకి దించుకునే పద్ధతి) అని కనిపిస్తే అదే నొక్కేసి, సర్వర్‌లో (మెయిల్ ఇచ్చే సంస్థ కంప్యూటర్లో) కాపీ ఉంచాలా అన్న చోట టిక్కు ఉందో లేదో చూడకుండా ముందుకెళ్లిపోయాను. మెయిళ్లు టకటకా దిగుతుంటే భలే పని జరిగిందనుకున్నా. సాయంత్రం బస్సులో ఉండగా ఫోను. "ఒరేయ్, నా ఫోన్లో ఇన్‌బాక్స్ ఖాళీగా ఉందేంట్రా?"

మెయిళ్లు ఎక్కడికీ పోలేదు, ల్యాప్‌టాప్‌లోకి దిగిపోయి సర్వర్‌లో తుడిచిపెట్టుకుపోయాయి. ఫోను సర్వర్‌ని చూపిస్తుంది కాబట్టి ఖాళీ చూపించింది, అంతే. ఇన్‌బాక్స్ ఒక్కటే తిరిగి ఎక్కించేసరికి రాత్రి పన్నెండైంది.

అందుకే మొదట తేల్చుకోవాల్సింది ఏ ప్రోగ్రామ్ మంచిదన్నది కాదు, మీ మెయిళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయన్నది. పాత అవుట్‌లుక్ వాడుతుంటే ఫైల్‌లోకి వెళ్లి అకౌంట్ సెట్టింగ్స్ తెరవండి. మీ అడ్రస్ పక్కనే రకం రాసి ఉంటుంది. ఐమ్యాప్ అని ఉంటే మెయిళ్లు సర్వర్‌లో ఉన్నాయి, మీ కంప్యూటర్లో ఉన్నది వాటి నకలు. పాప్ అని ఉంటే మాత్రం జాగ్రత్త, పాత మెయిళ్లు ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉండి ఉండొచ్చు. పక్కన డేటా ఫైల్స్ అన్న ట్యాబ్‌లో ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో కూడా చూపిస్తుంది. పీఎస్‌టీ అని ముగిసే ఆ ఫైలే మీ ఆస్తి. అవుట్‌లుక్ పూర్తిగా మూసేసి (తెరిచి ఉంటే కాపీ అవ్వదు) దాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఒకసారి కాపీ చేసుకోండి. పాప్ వాళ్లు ఇది చేయకుండా కింద చెప్పినవి ఏవీ మొదలుపెట్టొద్దు.

ఐమ్యాప్ వాళ్లకి పని దాదాపు అయిపోయినట్టే. థండర్‌బర్డ్ (ఉచితంగా దొరికే మెయిల్ ప్రోగ్రామ్) గానీ ఇంకోటి గానీ పెట్టుకుని, అడ్రస్, పాస్‌వర్డ్ ఇచ్చి, ఐమ్యాప్ ఎంచుకుంటే ఫోల్డర్లతో సహా అన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. సెట్టింగ్స్ ప్రోగ్రామ్ తనంతట తాను కనుక్కోలేకపోతే మీ హోస్టింగ్ వాళ్ల పేజీలో ఉన్న సర్వర్ పేర్లు ఇవ్వాలి. మెయిళ్లు రావడానికి పోర్టు (సర్వర్‌తో కలిసే దారి నంబరు) మామూలుగా 993, పంపడానికి 465 లేదా 587. ఎక్కడైనా 995 కనిపిస్తే అది పాప్, వెనక్కి రండి. జీమెయిల్ అయితే బ్రౌజర్ తెరుచుకుని లాగిన్ అడుగుతుంది, మామూలుగా చేసేయడమే. బాగా పాత ప్రోగ్రామ్‌కి ఆ పద్ధతి తెలియకపోతే రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. తర్వాతెప్పుడైనా గూగుల్ పాస్‌వర్డ్ మారిస్తే అది చెల్లకుండా పోతుంది, అప్పుడు ప్రోగ్రామ్ పాడైందని కంగారు పడకండి.

ఐమ్యాప్ వాళ్లు పడే గొయ్యి ఒకటుంది. కొత్తది బాగానే పనిచేస్తోంది కదా, పాతదాంట్లో సర్దేద్దాం అని మెయిళ్లన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొడతారు. ఐమ్యాప్‌లో ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా పోతుంది, ఫోన్లోనూ పోతుంది. పాతదాంట్లోంచి తీయాల్సి వస్తే అకౌంట్‌ని తీయండి, మెయిళ్లని కాదు.

ఇక పాప్ వాళ్లు. మీరు కొత్తదాంట్లో ఐమ్యాప్ పెట్టుకున్నా, వెనకాల పాత అవుట్‌లుక్ తెరిచి ఉంటే అది కొత్త మెయిళ్లు లాక్కుంటూ సర్వర్‌లోవి చెరిపేస్తూనే ఉంటుంది. 14 రోజుల తర్వాత సర్వర్ నుంచి తీసేయి అన్న టిక్కు చాలా సెటప్‌లలో ముందే పెట్టి ఉంటుంది, రెండు వారాలు బాగానే ఉండి తర్వాత మెయిళ్లు మాయమవుతున్నాయి అనేవాళ్ల కథ సాధారణంగా ఇదే. పాప్ అకౌంట్ సెట్టింగ్స్‌లో మోర్ సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ తెరిచి, సర్వర్‌లో కాపీ ఉంచు అన్నదానికి టిక్కు పెట్టి, రోజుల లెక్క ఉన్న టిక్కు తీసేయండి. ఇంకా భయంగా ఉంటే సెండ్ రిసీవ్ ట్యాబ్‌లో వర్క్ ఆఫ్‌లైన్ నొక్కి ఉంచండి, పాత మెయిళ్లు చదువుకోవచ్చు, అది మాత్రం సర్వర్ జోలికి పోదు.

పీఎస్‌టీలో ఉన్న పాత మెయిళ్లు తరలించడానికి థండర్‌బర్డ్‌లో ఇంపోర్ట్ ఉంది, కాకపోతే అదే విండోస్ కంప్యూటర్లో పాత అవుట్‌లుక్ కూడా ఉండాలి, తెచ్చినవి లోకల్ ఫోల్డర్స్‌లో పడతాయి, అంటే మళ్లీ ఆ ఒక్క మెషీన్లోనే. నాకు నచ్చిన దారి వేరే. ముందు ఆఫ్‌లైన్ బటన్ తీసేసి (పైన చెప్పిన టిక్కులు సరిచేశాకే), అవుట్‌లుక్‌లోనే అదే అడ్రస్‌ని ఐమ్యాప్‌గా ఇంకోసారి కలపండి. ఎడమవైపు పాత ఫోల్డర్లు, కింద ఐమ్యాప్ ఫోల్డర్లు రెండూ కనిపిస్తాయి. పాత ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ ఫోల్డర్ అని, ఐమ్యాప్ వైపు చూపించండి. మూవ్ కాదు, కాపీ. మధ్యలో కరెంటు పోయినా, నెట్ పోయినా పాతవి పాతచోటే ఉంటాయి.

ఒకేసారి మొత్తం ఎక్కించాలని చూడకండి. ముందు ఇరవై మెయిళ్లున్న చిన్న ఫోల్డర్ ఒకటి కాపీ చేసి, ఫోన్లో తెరిచి తేదీలు చూడండి. కొన్నిచోట్ల 2014 నాటి మెయిల్ కూడా ఇవాళే వచ్చినట్టు కనిపిస్తుంది. అలా అయితే ఆగి, థండర్‌బర్డ్ ఇంపోర్ట్ ద్వారా వెళ్లి, అక్కడి నుంచి ఇంకో చిన్న ఫోల్డర్ కాపీ చేసి చూడండి. సర్వర్‌లో జాగా ఎంతుందో కూడా ముందే కనుక్కోవాలి. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఫోటోలు, డ్రైవ్ ఫైళ్లు కూడా కలిసే ఉంటాయి. సొంత డొమైన్ మెయిళ్లకి హోస్టింగ్ వాళ్లిచ్చే జాగా కొన్నిసార్లు ఇంకా తక్కువ. మావయ్యకి ఏడాదికో ఫోల్డర్ చొప్పున రోజుకొకటి ఎక్కించాను, ఎక్కిన తర్వాత రెండువైపులా సంఖ్య సరిపోయిందో లేదో చూసుకుంటూ.

కాంటాక్టులు, రూల్స్ (ఏ మెయిల్ ఏ ఫోల్డర్లోకి వెళ్లాలో చెప్పేవి), సంతకం మెయిళ్లతో పాటు రావు. సంతకం కాపీ చేసి పేస్ట్ చేసుకోవడమే. రూల్స్ కొత్తగా రాసుకోవాలి, పాతవి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే చాలు, నిజానికి వాటిలో సగం ఎందుకు పెట్టారో మీకే గుర్తుండదు. కాంటాక్టులు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా) ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు మాత్రం ఆ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో ఒకసారి తెరవండి. తెలుగులో సేవ్ చేసుకున్న పేర్లు వరసగా ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే ఆ ఫైలు పనికిరాదు, అలాగే ఎక్కిస్తే పేర్లు శాశ్వతంగా ప్రశ్నార్థకాలే. ఎక్స్‌పోర్ట్‌లో యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాల్ని కూడా సరిగ్గా దాచే పద్ధతి) అన్న ఎంపిక ఉంటే అది తీసుకోండి, లేదంటే అలాంటి పేర్లు పదో ఇరవయ్యో అయితే చేత్తో కొట్టేయడమే నయం. ఇంకో మాట, పాత మెయిళ్లలో తెలుగు ఉండాల్సిన చోట పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే ప్రోగ్రామ్‌ని తిట్టకండి. అవి అను ఫాంట్లలో (ఇంగ్లీషు అక్షరాల్నే తెలుగు ఆకారంలో చూపించే పాత ఫాంట్లు) టైప్ చేసినవి అయ్యుంటాయి, పాత కంప్యూటర్లో ఆ ఫాంట్లు ఉన్నాయి, కొత్తదాంట్లో లేవు.

అంతా ఎక్కాక మీకు మీరే ఒక మెయిల్ పంపుకోండి, తెలుగు సబ్జెక్టుతో, ఒక పీడీఎఫ్ జోడించి. వచ్చిందా, ఫోన్లో కనిపించిందా, పంపినది ఏ ఫోల్డర్లో పడింది, ఇవన్నీ చూడండి. ఒక ప్రోగ్రామ్ సెంట్ అంటుంది, ఇంకోటి సెంట్ ఐటమ్స్ అంటుంది, ఇద్దరూ చెరో ఫోల్డర్ తయారుచేసుకుంటే పంపిన మెయిళ్లు రెండుచోట్లా చీలిపోతాయి. థండర్‌బర్డ్‌లో అయితే అకౌంట్ సెట్టింగ్స్‌లో కాపీస్ అండ్ ఫోల్డర్స్ దగ్గర ఏ ఫోల్డర్లో పెట్టాలో చెప్పేయొచ్చు. డ్రాఫ్టులకీ అక్కడే.

పాతదాన్ని ఒక నెలైనా అలాగే ఉంచండి, జీఎస్టీ రిటర్నుల లాంటి నెలవారీ పని ఒక దఫా కొత్తదాంట్లో పూర్తయ్యేదాకా. తర్వాత తీసేసినా ఆ పీఎస్‌టీ కాపీ హార్డ్ డిస్క్‌లో ఉండనివ్వండి. మావయ్య మాత్రం నెల దాటినా అలవాటు కొద్దీ పాత నీలం గుర్తే నొక్కి, మెయిళ్లు రావట్లేదని ఫోన్ చేసేవారు. చివరికి డెస్క్‌టాప్ మీద ఆ గుర్తు తీసేసి, సరిగ్గా అదే చోట థండర్‌బర్డ్ గుర్తు పెట్టాను. అదీ నీలమే, తేడా కనిపెట్టలేదు.