వానాకాలంలో ఇంట్లోకి పాములు, ఎలుకలు రాకుండా ఎలా చూసుకోవాలి?

ఒడిశాలోని గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి వైపు ఊళ్లలో వానలు పట్టుకున్నాయంటే కన్నాల్లోకి నీళ్లు చేరతాయి. వాటిలో ఉన్నవన్నీ పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్లలో దూరతాయి. పాము గురించి టెన్షన్ పడేవాళ్లు ముందు ఎలుకల సంగతి చూడాలి. ఎలుకలు తిరిగే ఇంటికి పాము రావడం పెద్ద విశేషం కాదు.

ముందు ఎలుక దారి కనిపెట్టండి. అది గోడ వారగా, రోజూ ఒకే దారిలో నడుస్తుంది. ఒంటి జిడ్డు అంటుకుని గోడ అడుగున నల్లటి చార పడుతుంది. చార కనిపించకపోతే అనుమానం ఉన్నచోట రాత్రి కాస్త బియ్యప్పిండి చల్లండి, తెల్లారేసరికి అడుగులు పడి ఉంటాయి. ఆ దారిలోనే గోడకి ఆనించి బోను పెట్టాలి. ఎండుచేప ముక్కో, పకోడీయో ఎర చాలు. గది మధ్యలో పెడితే దండగ. ఎలుకల మందు మాత్రం వద్దంటాను. తిన్న ఎలుక ఏ అటక మీదో చస్తే ఇల్లంతా కంపు, పైగా పసిపిల్లలు తిరిగే ఇల్లు.

తర్వాత కన్నాలు మూయాలి. పెన్సిల్ పట్టే సందులోంచి చిట్టెలుక వచ్చేస్తుంది. గుడ్డ కుక్కితే కొరికేస్తుంది, సిమెంటే పెట్టాలి. స్నానాల గది తూముకి సన్న కన్నాల ఇనుప జాలీ, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ బిగించండి. కట్టెలు, పాత పెంకులు ఇంటి గోడకి ఆనించి పేర్చకండి, తేళ్లు చేరేది అక్కడే. బొద్దింకలకి రాత్రి ఎంగిలి గిన్నెలు లేకుండా చూస్తే సగం పీడ పోతుంది.

ఇక పడక. కట్లపాము తిరిగేది రాత్రిపూట. చాప మీద నిద్రపోయేవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. కడుపునొప్పి వచ్చి, రెప్పలు వాలిపోతుంటేగానీ చాలామందికి తెలియదు. అందుకే మంచం మీద పడుకోండి, నేల మీదైనా సరే దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి. మలేరియా వాళ్లిచ్చిన తెరలు కొన్ని ఇళ్లలో కూరపాదులకి కంచెలయ్యాయి, వాటిని విప్పి తెచ్చుకున్నా మంచిదే!

పాము కనిపిస్తే పిల్లల్ని బయటికి పంపి, గది తలుపు మూసి, అటవీ శాఖకో పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయండి. కర్ర తీసుకుని మీదికెళ్తే కాటు పడొచ్చు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చంపడం నేరం కూడా. వెల్లుల్లి, ఫినాయిలు చల్లి ధీమాగా ఉండకండి.

ఒకవేళ కరిస్తే కోయడం, తాడు బిగించడం, మంత్రం వేయించడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మన దేశంలో వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే. కాబట్టి పాముని పట్టి సంచిలో వేసుకెళ్లే పని లేదు.