హైడ్రా రేవులో యాట్: ఖాళీ దొరకకపోవడం నుంచి లంగరు చిక్కుపడటం దాకా

ఏథెన్స్‌లో యాట్ అద్దెకు తీసుకుని సరోనిక్ గల్ఫ్‌లో తిరిగేవాళ్ళు హైడ్రా దీవికి వెళ్ళకుండా ఉండరు. అక్కడ కార్లూ బైకులూ తిరగవు, సామాను గాడిదల మీద, కంచరగాడిదల మీద వెళ్తుంది. పాతకాలపు ఓడ కెప్టెన్ల రాతి మేడలు రేవు చుట్టూ కొండ ఎక్కుతూ కనిపిస్తాయి. రేవు మాత్రం బాగా చిన్నది. పడవను గట్టుకు పక్కగా కట్టనివ్వరు. ముందు లంగరు వదిలి, రివర్స్‌లో వెనక్కి వచ్చి, వెనక భాగాన్ని రెండు తాళ్ళతో గట్టుకు కట్టాలి. వచ్చే చిక్కుల్లో చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. స్కిప్పర్‌తో (పడవ నడిపే మనిషితో) సహా అద్దెకు తీసుకున్నా, పడవ ముక్కు (ముందు కొస) దగ్గర నిలబడి లంగరు చూసుకునేది మీ బృందంలో ఒకరే కాబట్టి ఇవి అందరికీ తెలిసి ఉండాలి.

సమస్య: వెళ్ళేసరికి ఖాళీ లేదు

వేసవిలో మధ్యాహ్నం దాటితే గట్టు నిండిపోతుంది. వారాంతాల్లో ఏథెన్స్ వాళ్ళ సొంత పడవలు కూడా తోడవుతాయి. జూన్ రెండో సగంలో మియావులియా ఉత్సవం జరుగుతుంది. 1821 స్వాతంత్ర్య యుద్ధంలో గ్రీకు నౌకాదళాన్ని నడిపిన ఆండ్రియాస్ మియావులిస్ ఈ దీవివాడే. ఆయన జ్ఞాపకంగా రేవులో ఒక పడవను తగలబెడతారు. చూడాల్సిన వేడుకే, కానీ ఆ రోజుల్లో గట్టు మీద చోటు మీద ఆశ పెట్టుకోవద్దు.

రాత్రి ఉన్న పడవలు పొద్దున కదులుతాయి కాబట్టి పన్నెండు లోపు చేరేలా బయలుదేరండి. ఆలస్యమైతే ముందున్న పడవల ముక్కులకు మీ పడవ వెనక భాగం కట్టుకుని రెండో వరసలో, మూడో వరసలో ఉండాల్సి వస్తుంది. అడిగి కట్టుకోవాలి, పొద్దున వాళ్ళు వెళ్తామంటే మీరు ముందు కదలాలి. నా సలహా అయితే, ఎదురుగా పెలొపొన్నీస్ తీరంలో ఉన్న ఎర్మియోనిలో పడవ కట్టి ఫెర్రీలో హైడ్రా చూసి రండి. ఊరికి తూర్పున, నడిచి వెళ్ళే దూరంలో మంద్రాకి అనే చిన్న అఖాతం కూడా ఉంది.

సమస్య: తాళ్ళు కట్టాక కూడా పడవ గట్టు మీదికి వస్తోంది

లంగరు పట్టలేదన్నమాట. గట్టుకు మరీ దగ్గరగా వదిలారు, లేదా గొలుసు చాల్లేదు, లేదా గొలుసంతా ఒకేచోట కుప్పగా పడింది. లోతుకు కనీసం నాలుగైదు రెట్లు గొలుసు వదలాలి, పడవ మెల్లగా వెనక్కి కదులుతూ ఉండగానే వదలాలి. గట్టు ఇంకా ఒక పడవ పొడవు దూరంలో ఉండగా గొలుసు ఆపేసి రివర్స్‌లో లాగి చూడండి. విండ్లాస్ (లంగరు గొలుసును ఎత్తి దించే యంత్రం) ఆగాక ముక్కు దగ్గర ఉన్నవాళ్ళు గొలుసు మీద పాదం ఆనిస్తే తెలిసిపోతుంది. గరగరమంటూ అదురుతుంటే లంగరు అడుగున ఈడ్చుకొస్తోంది. బిగిసి కదలకుండా ఉంటే కరిచింది. అదురుతుంటే మొహమాటపడకుండా మొత్తం పైకి లాగి మళ్ళీ మొదలుపెట్టండి. గట్టు మీద కాఫీ తాగేవాళ్ళు చూస్తున్నారని సరిపెట్టుకుంటే రాత్రంతా నిద్ర ఉండదు.

సమస్య: పక్కగాలికి ముక్కు తిరిగిపోతోంది

మరీ నెమ్మదిగా వస్తే చుక్కాని పనిచేయదు. కాస్త దూరం నుంచే రివర్స్ మొదలుపెట్టి వేగం నిలపండి. వెనక తాళ్ళలో గాలి వచ్చే వైపుది మొదట కట్టండి.

సమస్య: ఫెర్రీ వచ్చినప్పుడల్లా వెనక భాగం గట్టుకు తగులుతోంది

ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి వచ్చే వేగమైన ఫెర్రీల అలలు రేవులోకి వస్తాయి. లంగరు గొలుసు బిగించి, వెనక తాళ్ళు వదులు చేసి, గట్టుకు ఒకటిన్నర రెండు మీటర్లు ఎడంగా ఉండండి. దిగే పలకను వాడనప్పుడు పైకెత్తి ఉంచండి.

ఉత్తరం గాలి సంగతి వేరు. రేవు ముఖం ఉత్తరానికే ఉంది కాబట్టి ఆ గాలి గట్టిగా వీస్తే అలలు లోపలికే వస్తాయి, ఏ తాడూ దానికి పూర్తి విరుగుడు కాదు. సాయంత్రం వాతావరణ సూచన చూడండి. రాత్రికి ఉత్తరం గాలి అని ఉంటే వెలుతురుండగానే దగ్గర్లోని పోరోస్ దీవికి వెళ్ళిపోండి. మంద్రాకి కూడా ఉత్తరానికే తెరుచుకుని ఉంటుంది.

సమస్య: పొద్దున లంగరు పైకి రావట్లేదు

విండ్లాస్ అసలు తిరగకపోతే బ్రేకర్ పడిపోయి ఉంటుంది. అది చాలా అద్దె పడవల్లో కింద క్యాబిన్‌లో, బ్యాటరీ స్విచ్‌ల దగ్గర ఉంటుంది. పడవ అప్పగించే రోజే అడిగి చూసుకోండి. ఇంజిన్ నడుస్తూ ఉండగానే లంగరు ఎత్తాలి. పడవను ముందుకు తెచ్చేది ఇంజినే, విండ్లాస్ వదులైన గొలుసును మాత్రం లోపలికి లాగాలి.

విండ్లాస్ మూలుగుతూ ఆగిపోతే, ఎదురు గట్టు నుంచో పక్క నుంచో వచ్చిన వేరే పడవ గొలుసు మీ లంగరు మీద పడి ఉంటుంది. హైడ్రాలో ఇది మామూలే, కంగారు పడొద్దు. ఆగి ఆగి ఎత్తుతూ, ఆ గొలుసు చేతికందే ఎత్తుకు తీసుకురండి. ఒక తాడు దాని కిందుగా పోనిచ్చి, రెండు కొసలూ మీ పడవ ముక్కు దగ్గరి క్లీట్‌కు (తాడు కట్టే కొమ్ముకు) కట్టండి. ఇప్పుడు మీ లంగరును అర మీటరు కిందికి వదలండి. బరువంతా తాడు మీదికి వెళ్ళి లంగరు విడిపోతుంది. దాన్ని కొక్కెంతో పక్కకు తిప్పి పైకెత్తి, గొలుసుకు దూరంగా ఉందని చూసుకున్నాకే తాడు ఒక కొస వదలండి. ఆ గొలుసు బరువుతో ఒక్కసారిగా కిందికి దూకుతుంది కాబట్టి గొలుసుకూ పడవకూ మధ్య చెయ్యి పెట్టొద్దు. రెండు గొలుసులు కనిపిస్తే పైన ఉన్నదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటే విప్పండి.

ఈ పనిలో ఆ పడవ లంగరు ఊడి ఉండొచ్చు. వెళ్ళేముందు వాళ్ళను కేకేసి చెప్పండి, గొలుసు బిగించి చూసుకుంటారు. పడవలో ఎవరూ లేకపోతే పక్క పడవవాళ్ళకు చెప్పి, పోర్టు పోలీసులకు కూడా తెలియజేయండి.