క్లబ్బు బ్రిడ్జి స్వయంబోధిని – 9వ పాఠం: సేవానిధి పోటీ నిర్వహణ

ముందుగా గత పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి జవాబు. ఏడు టేబుళ్ల మిచెల్ పద్ధతిలో (ఉత్తర-దక్షిణ జోడీలు కూర్చున్నచోటే ఉండి, తూర్పు-పడమర జోడీలు రౌండు రౌండుకూ టేబుల్ మారే పద్ధతి), టేబుల్‌కు నాలుగేసి బోర్డులతో (ఒకసారి పంచిన నాలుగు చేతుల ముక్కలను చెదరకుండా ఉంచే అరలు) ఆట మొదలైనప్పుడు, 3వ టేబుల్ దగ్గర కూర్చున్న తూర్పు-పడమర జోడీ అయిదో రౌండులో ఎక్కడ ఉంటుంది, ఏ బోర్డులు ఆడుతుంది అన్నది ప్రశ్న. తూర్పు-పడమర జోడీలు రౌండుకొక టేబుల్ చొప్పున పైకి జరుగుతాయి కనుక ఆ జోడీ 7వ టేబుల్ చేరుతుంది. బోర్డులు కిందికి జరుగుతాయి కనుక అప్పటికి ఆ టేబుల్ మీద 13 నుంచి 16 వరకు బోర్డులు ఉంటాయి. 9 నుంచి 12 అని రాసినవారు బోర్డులను ఒక రౌండు తక్కువ జరిపారన్నమాట. ఈ లెక్క చేతికి రానివారు 8వ పాఠాన్ని మరోసారి చూసి రావాలి, ఎందుకంటే ఈ పాఠంలో హాలు నిండా అతిథులు ఉంటారు, వారి ఎదుట కాగితం మీద గీతలు గీసుకుంటూ నిలబడే వ్యవధి ఆట నడిపే డైరెక్టరుకు దొరకదు.

ఇంతవరకు మనం సభ్యుల వారపు ఆటను నడపడం నేర్చుకున్నాం. సేవానిధి కోసం జరిపే పోటీ కూడా ఆటగా చూస్తే అదే, కాని వచ్చేవారు వేరు. వారిలో పదేళ్ల క్రితం ఆడి మానేసినవారు ఉంటారు, నిన్నగాక మొన్న నేర్చుకున్నవారు ఉంటారు, మంచి పనికి డబ్బిద్దామని వచ్చి మొహమాటానికి ముక్కలు పట్టుకున్నవారూ ఉంటారు. ఈ మూడు రకాలవారూ వచ్చే ఏడు మళ్లీ రావాలంటే ఏం చేయాలన్నదే ఈ పాఠం. విరాళం ఎంత వచ్చిందన్నది ఆ తర్వాతి మాట. ఒక్క సాయంత్రం గట్టిగా వసూలు చేసి, మరుసటి ఏడు ముగ్గురికి మించి రాని పోటీలను నేను చూశాను.

ఈ ఆనవాయితీ మనం కొత్తగా పెట్టినది కాదు. అమెరికాలో బ్రిడ్జి క్లబ్బులన్నిటికీ పెద్దదిక్కైన అమెరికన్ కాంట్రాక్ట్ బ్రిడ్జి లీగ్ 2013 నుంచి జూన్ నెలలో, పగలు అన్నిటికంటే ఎక్కువగా ఉండే రోజును ఆనుకొని, ‘ద లాంగెస్ట్ డే’ పేరుతో అల్జీమర్స్ అసోసియేషన్‌కు నిధులు సేకరిస్తోంది. మతిమరుపు జబ్బు ఉన్న మనిషిని ఇంట్లో చూసుకునేవారికి ప్రతి రోజూ అంత పొడుగ్గానే గడుస్తుందని ఆ పేరులోని ధ్వని. ఇంగ్లండులో నవంబరు నెలలో ‘చిల్డ్రన్ ఇన్ నీడ్’ అనే పిల్లల సహాయ నిధి కోసం పలు క్లబ్బులు ఒకే సాయంత్రం అవే ముక్కలు ఆడతాయి. ఒక చోట తయారైన పంపకాల పట్టిక ప్రకారం ప్రతి క్లబ్బూ తన బోర్డులు సర్దుకుంటుంది, స్కోర్లన్నీ మళ్లీ ఒక చోటికి చేరతాయి. చిన్న ఊళ్లో నాలుగు టేబుళ్ల క్లబ్బులో కూర్చున్నవారు కూడా ఆ రాత్రి వందల జోడీలతో పోటీపడినట్టే. అవే ముక్కలను అందరి చేతా ఆడించే డూప్లికేట్ పద్ధతికి ఉన్న ఈ సౌలభ్యాన్ని మన క్లబ్బులు ఇంకా సరిగా వాడుకోలేదని నా అభిప్రాయం. విశాఖపట్నంలో ఒక క్లబ్బు, వరంగల్‌లో ఒక క్లబ్బు ఒప్పుకుంటే చాలు, ఖర్చేమీ లేకుండా ఇది జరిగిపోతుంది.

అక్కడివారు చేసేవన్నీ ఇక్కడ చేయకూడదు. వారి చారిటీ సాయంత్రాల్లో టికెట్లు అమ్మి చీటీ తీసి బహుమతి ఇవ్వడం మామూలు. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా లాటరీ నడపడం నేరం, పుణ్యకార్యం కోసమని చెప్పినా ఆ పేరు మారదు. టేబుల్ మీద పందెం డబ్బు, గెలిచినవారికి నగదు బహుమతి కూడా వద్దు. పేకాట అనగానే ఇరుగుపొరుగు నొసలు చిట్లించే చోట్ల ఈ జాగ్రత్త మరీ అవసరం. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1967లో తీర్పు చెబుతూ, అందులో అదృష్టానికి ఉన్న పాత్ర బ్రిడ్జిలో ముక్కలు పంచడంలో ఉన్నలాంటిదేనని పోల్చింది. అంటే బ్రిడ్జి నైపుణ్యపు ఆట అన్నది అక్కడ వాదించి నిరూపించాల్సిన సంగతి కూడా కాలేదు. చట్టం సంగతి వినే ఓపిక లేని దాతలకు 2018 జకార్తా ఆసియా క్రీడల మాట చెప్పండి. పురుషుల జోడీల బ్రిడ్జిలో 60 ఏళ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ల శిభ్‌నాథ్ సర్కార్ మన దేశానికి స్వర్ణ పతకం తెచ్చారు. ఆ వయసుల మాట విన్నాక ఎదుటివారి ముఖం విప్పారుతుంది.

ఇక పనిలోకి దిగుదాం. నిధి ఎవరికన్నది మొట్టమొదట తేల్చుకోవాలి, ఒక్కరికే ఇవ్వాలి. అనాథాశ్రమానికి కొంత, వరద బాధితులకు కొంత, గుడి గోపురానికి కొంత అంటే ఎవరికీ గుర్తుండదు. ఊళ్లో ఒక ప్రభుత్వ పాఠశాల పిల్లలకు కంటి పరీక్షలు చేయించి కళ్లద్దాలు ఇప్పించడం లాంటి, కంటికి కనబడే పనిని ఎంచుకుంటే అడగడం సులువు, చూపించడం సులువు. డబ్బు ట్రస్టు ద్వారా వెళ్లేటట్లయితే దాతలకు పన్ను మినహాయింపు తెచ్చిపెట్టే ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు (80జి అని వాడుక) దానికి ఉందో లేదో ముందే కనుక్కోండి. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి ఆ మినహాయింపు రాదన్న సంగతి కూడా ఆహ్వానంలోనే ఒక వాక్యంలో రాయండి. ఆ ఒక్క వాక్యం లేక తర్వాత మాటపడిన కార్యదర్శులు ఉన్నారు.

ప్రవేశ రుసుము మనిషికి 500 రూపాయలు, వచ్చేది తొమ్మిది టేబుళ్లు అనుకుందాం. 36 మందికి 18,000 వస్తుంది. టేబుల్‌కొక దాత 2,000 ఇచ్చి, ఆ టేబుల్ మీద తన పేరో, తన తల్లిదండ్రుల పేరో ఉన్న చిన్న అట్ట పెట్టించుకుంటే మరో 18,000. టిఫిను, కాఫీలకు మనిషికి 120 చొప్పున, పని చేసే నలుగురితో కలిపి 40 మందికి 4,800 అవుతుంది. ఈ 4,800 ఎక్కడి నుంచి తీయాలన్న దగ్గరే చాలా క్లబ్బులు తడబడతాయి. వసూలైన 36,000 నుంచి తీసి మిగిలింది పంపడం తప్పేమీ కాదు, కాని అలా చేస్తే ఇడ్లీ చట్నీ దాకా ప్రతి ఖర్చుకూ ఎవరో ఒకరు లెక్క అడుగుతారు. టిఫిను ఖర్చు ముందే ఒక సభ్యుడి చేత గాని, క్లబ్బు సాధారణ నిధి చేత గాని భరింపజేసి, ‘మీరిచ్చిన ప్రతి రూపాయీ పిల్లల కళ్లద్దాలకే’ అని చెప్పగలిగితే ఆ మాట బరువు వేరు.

జోడీలను కుదర్చడం డైరెక్టరు పనుల్లో అందరూ చిన్నచూపు చూసేది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. బ్రిడ్జి ఒంటరిగా ఆడే ఆట కాదు. ఇరవై ఏళ్లు ఒకే మనిషికి ఎదురుగా కూర్చొని ఆడినవారు, ఆ మనిషి పోయాక క్లబ్బు మెట్లెక్కడమే మానేస్తారు. మా క్లబ్బులో ఒక మాస్టారు భార్య పోయిన ఏడాదిన్నరకు, ‘పోటీకి కాదు, చందా ఇద్దామని వచ్చాను బాబూ’ అంటూ గుమ్మంలోనే కవరు చేతికిచ్చారు. ఆ రోజు ఒక కాలేజీ అమ్మాయికి జోడీ దొరకలేదు. ‘మాస్టారూ, ఈ అమ్మాయి డబ్బు కట్టేసింది, మీరు కూర్చోకపోతే ఊరికే వెళ్లిపోవాలి’ అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకొని, కుర్చీ లాక్కొని, ‘స్టేమన్ వాడతావా అమ్మా?’ అని, బిడ్డింగులో జోడీలు ముందే ఒప్పుకునే ఒక సంకేతం గురించి అడిగారు. ఆ జోడీ కింది నుంచి రెండోదిగా వచ్చింది, ఆ తర్వాతి శనివారం ఇద్దరూ మళ్లీ వచ్చారు. కాబట్టి ఆహ్వానంలో ‘జోడీ లేనివారు కూడా రావచ్చు, మేము కుదురుస్తాం’ అని రాయండి, రాసిన మాట నిలబెట్టుకోవడానికి బాగా ఆడగలిగిన సభ్యులిద్దరిని రుసుము లేకుండా, ఏ జోడీలోనూ చేర్చకుండా అట్టిపెట్టుకోండి. డబ్బు కట్టి వచ్చిన అతిథి ఎదుట జోడీ లేక ఒక రౌండంతా ఖాళీగా గోడ గడియారం చూసే అవస్థ రానివ్వకూడదు.

మిచెల్ పద్ధతిలో ఉత్తర-దక్షిణ జోడీలు కదలవు. చేతికర్ర పట్టుకొని వచ్చేవారికి, మోకాళ్ల నొప్పులవారికి ఆ స్థానాలు ముందుగానే రాసిపెట్టాలి. ‘ఎవరు ముందొస్తే వారికి’ అని వదిలేస్తే కుర్రవాళ్లే ఫ్యాను కింద కూర్చుంటారు.

బోర్డుల సంఖ్య విషయంలో నా సలహా కొందరికి నచ్చదు. వారపు ఆటలో తొమ్మిది టేబుళ్లకు రౌండుకు మూడు చొప్పున 27 బోర్డులు ఆడతాం. సేవానిధి పోటీకి రెండు చొప్పున 18 చాలు. అలవాటు తప్పినవారికి బోర్డుకు ఎనిమిది నిమిషాలు పడుతుంది. 27 బోర్డులంటే మూడున్నర గంటలు దాటుతుంది, 18 అయితే రెండు గంటల 24 నిమిషాలు. మూడింటికి మొదలుపెట్టి, మధ్యలో 20 నిమిషాలు కాఫీకి వదిలినా, ఆరింటిలోపు ఆట ముగిసి, అందరూ టిఫిను తింటుండగానే ఫలితాలు తయారవుతాయి.

టేబుళ్లు బేసి సంఖ్యలో వస్తే చిక్కు లేదు. సరి సంఖ్యలో వస్తే సగం రౌండ్లు అయ్యాక తూర్పు-పడమర జోడీలన్నీ ఒక టేబుల్ దాటుకొని కూర్చోవాలి. ఎనిమిది టేబుళ్లయితే నాలుగో రౌండు అయ్యాక, ఒకటికి బదులు రెండు టేబుళ్లు జరగాలి, మొత్తం ఏడు రౌండ్లే ఆడాలి. ఇది నేను ఎందరికో చెప్పాను, చెప్పిన నేనే ఒకసారి మరిచాను. దాతలతో ఫొటోలు దిగుతూ, నాలుగో రౌండు అయిందని గంట కొట్టి, మామూలుగానే జరగమన్నాను. 7వ టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ ముక్కలు విప్పి చూసి, ‘నాయనా, ఈ ఇస్పేటు ఆసు, రాజు నా చేతికి ఇందాకే వచ్చాయి’ అన్నారు. ఆవిడకే కాదు, ఆ క్షణంలో హాల్లోని ప్రతి తూర్పు-పడమర జోడీ ముందూ మొదటి రౌండులో ఆడిన బోర్డులే ఉన్నాయి. అప్పుడు చేయవలసింది ఒక్కటే. బిడ్డింగు మొదలు కాకముందే ఆట ఆపించి, ముక్కలు తిరిగి బోర్డుల్లో పెట్టించి, తూర్పు-పడమరవారిని మరొక్క టేబుల్ జరగమనాలి. బోర్డులను కదిలించకూడదు. తప్పు మనదేనని గట్టిగా చెప్పాలి, లేకపోతే ప్రతి టేబుల్ దగ్గరా తప్పు తమదేనేమోనని అతిథులు నొచ్చుకుంటారు.

ఆట మొదలయ్యే ముందు స్కోరు ఎలా లెక్కిస్తారో కొత్తవారికి అయిదు నిమిషాల్లో చెప్పాలి. సిద్ధాంతం చెప్పకండి, ఒక బోర్డు చూపండి. 1వ బోర్డులో ఎవరూ వల్నరబుల్ (బోనస్సులు, జరిమానాలు పెరిగే స్థితి) కారు. ఉత్తర-దక్షిణవారు తొమ్మిది టేబుళ్ల దగ్గర తెచ్చుకున్న స్కోర్లు ఇవనుకోండి: ఒకరు నాలుగు ఇస్పేట్లు బిడ్ చేసి (అంటే ఇస్పేటు తురుపుగా పది ట్రిక్కులు, అనగా పట్లు, గెలుస్తామని చెప్పి) పదకొండు ట్రిక్కులతో 450, ఒకరు మూడు నో ట్రంప్ (తురుపు లేని ఆట) మీద పది ట్రిక్కులతో 430, నలుగురు నాలుగు ఇస్పేట్లు సరిగ్గా చేసి 420, ఇద్దరు మూడు ఇస్పేట్ల దగ్గరే ఆగి పది ట్రిక్కులతో 170, ఒకరు నాలుగు ఇస్పేట్లలో ఒక ట్రిక్కు తగ్గి మైనస్ 50. మన వైపు కూర్చున్నవారిలో మనకంటే తక్కువ తెచ్చిన ప్రతి జోడీ లెక్కన మనకు రెండు, సమానమైన ప్రతి జోడీ లెక్కన ఒకటి వస్తాయి. కాబట్టి 450కి 16, 430కి 14, 420 తెచ్చిన ఒక్కొక్కరికి 9, 170కి 3, మైనస్ 50కి సున్నా. మొత్తం 72 రావాలి, వస్తుంది. వట్టి పది పాయింట్ల తేడాతో 420 తొమ్మిది దగ్గర, 430 పద్నాలుగు దగ్గర ఉండటం చూసి కొత్తవారు ఆశ్చర్యపోతారు. మంచి ముక్కలు రాలేదని వాపోయేవారికి, అవే ముక్కలు పక్క టేబుల్ దగ్గర కూడా ఉంటాయని అప్పుడు బోధపడుతుంది.

డబ్బు లెక్క ఇద్దరి చేతుల మీదుగా జరగాలి, ఆ ఇద్దరిలో ఒకరు క్లబ్బు కార్యవర్గం బయటివారైతే మరీ మంచిది. యూపీఐ కోడు కార్యదర్శి సొంత ఫోనుది కాక, నిధి చేరవలసిన సంస్థ ఖాతాదే అయి ఉండాలి. టిఫిను ముగిసేలోపు మొత్తం ప్రకటించి, మరునాడు పద్దుల కాగితాన్ని నోటీసు బోర్డుకు అంటించండి. హాల్లో డబ్బా పట్టుకొని టేబుల్ టేబుల్‌కూ తిరగవద్దు. డబ్బు సంగతి ఆహ్వానంలో ఒకసారి, గుమ్మం దగ్గర ఒకసారి చెప్పాక మూడోసారి ఎత్తితే, చేతిలో పదమూడు ముక్కలు పట్టుకొని ఆలోచిస్తున్న మనిషికి విసుగు పుడుతుంది.

అభ్యాసం: మీ పోటీకి 39 మంది వచ్చారు. అట్టిపెట్టుకున్న ఇద్దరిలో ఒకరిని కలిపితే పది టేబుళ్లు నిండాయి. రౌండుకు రెండు బోర్డులు. ఏ రౌండు అయ్యాక తూర్పు-పడమరవారు ఒక టేబుల్ దాటాలి? ఎన్ని రౌండ్లు ఆడించగలరు, మొత్తం ఎన్ని బోర్డులు సర్ది పెట్టుకోవాలి, ఒక్కో జోడీ వాటిలో ఎన్ని ఆడుతుంది? బోర్డుకు ఎనిమిది నిమిషాల చొప్పున, 20 నిమిషాల విరామంతో, మూడింటికి మొదలైన ఆట ఎన్నింటికి ముగుస్తుంది? మూడు, నాలుగు టేబుళ్లే వచ్చినప్పుడు పనికివచ్చే హోవెల్ పద్ధతి 10వ పాఠంలో.