మొదటి పొగాకు పైపు: గుంట అడుగు ఇలా సరిచేశాను
కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి ఇంట్లో ఉంది కదా, దాంతోనే పొగాకు పైపు చెక్కుదామనుకున్నాను గానీ అది మరీ మెత్తటి కర్ర, నిప్పుకు నిలవదు. మధ్యధరా ప్రాంతపు బ్రయర్ అనే పొద వేరుముడి దిమ్మ ఆన్‌లైన్‌లో తెప్పించాను.

తప్పు ఎక్కడ జరిగిందంటే, రంధ్రాలు వేయకముందే బయటి ఆకారం చెక్కేశాను. గుండ్రంగా అయిపోయిన దిమ్మ వైస్‌లో (బిగించి పట్టే పరికరంలో) సరిగా కూర్చోక, పొగ లాగే 4 మి.మీ. రంధ్రం, పొగాకు నింపే గుంట అడుగున కాకుండా 3 మి.మీ. పైన తేలింది. అలా ఉంటే అడుగు పొగాకు కాలదు, తడిగా మిగిలిపోతుంది. రెండు రోజులు ఒకటే టెన్షన్.

చివరికి చుట్ట బూడిద జల్లించి, చుక్కచుక్కగా నీళ్లు కలిపి, తడి విభూతిలా అయ్యాక రంధ్రం కింది అంచు దాకా మెత్తాను. రంధ్రం పూడకుండా పైపు క్లీనర్ (నూలు చుట్టిన సన్నటి తీగ) అందులోనే ఉంచాను. మా విజయవాడ వేడికి, నీడలోనే, నాలుగు రోజుల్లో గట్టిపడింది. తర్వాత 220, 400, 600 నంబర్ల ఉప్పుకాగితం, బయట మాత్రమే. గుంట లోపల వార్నిష్ అస్సలు పూయకండి. 600 అయ్యాక తడిగుడ్డతో తుడిస్తే, అప్పటిదాకా కనిపించని ఎర్రటి చారలు మంటలా పైకి లేచాయి!

రెండో దిమ్మకు ముందు రంధ్రాలే వేస్తున్నాను.